మొక్కలోని పంచాయతి

(వెలిగండ్లలో పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



మొక్క భాగములను గూర్చి ప్రసంగమనగానే "ఇది బడిపిల్లల పాఠము కదా, పెద్దలమైన మాకేల?" అని మీలో కొందరనుకొనవచ్చును. బుద్ధి యెరిగిన నాటినుండి మేడి పట్టినవారికి వేరేదో, ఆకేదో చూపుటకు మేము రాలేదు. అది మీకు మాకంటె బాగుగా తెలియును. ఆ వేరు ఏ పని చేయుచున్నది, ఆ పనికి అడ్డు తగిలినచో ఏమి నష్టము వచ్చును, ఆ నష్టము రాకుండ పంచాయతీ చేయదగినదేమి, ఈ మూడు సంగతులను మీ ముందుంచుటయే మా ఉద్దేశము.

1950లో నాటి కేంద్ర ఆహార వ్యవసాయ మంత్రి కె.యం. మున్షీగారు వనమహోత్సవమును ఆరంభించిరి. ఆనాటినుండి వానకాలము వచ్చినదనగా బడి ఆవరణలలోను, బాటల వెంటను, చెరువు గట్లమీదను మొక్కలు నాటుట మన గ్రామములకు వాడుకయైనది. నాటిన దినమున అందరము ఉందుము. మరుసటి యేడు రోహిణికార్తె ఎండలలో వానిలో ఎన్ని బ్రతికియున్నవో లెక్కించువారు తక్కువ. గుంట త్రవ్విన కూలి, మొక్క వెల, కంచె ఖర్చు, ఇవన్నియు పంచాయతీ పద్దులో కనబడును. ఎండలో బిందెతో నీరు మోసిన శ్రమ ఏ పద్దులోను కనబడదు. వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు సీమలలో నీటి విలువను గూర్చి ఒకరు చెప్పవలసిన పనిలేదు. ఇచ్చట ఒక బిందెడు నీరు మొక్కకు పోసితిమన్న, అది ఏదో ఒక యింటివారు తమకు తగ్గించుకొన్న నీరే. ఆ మొక్క మన తెలియనితనము వలన చచ్చినచో, ఆ యింటివారి ఎదుట మనము ఏమి చెప్పగలము?

పంచాయతి అనగా పూర్వము ఐదుగురు పెద్దలు కూర్చుండి ఊరి పని చక్కబెట్టుట. మొక్కయందును అట్టి పెద్దలు ఐదుగురు గలరు. వేరు, కాండము, ఆకు, పువ్వు, గింజ. ఒకరి పని మరియొకరు చేయలేరు. ఒకరు పని మానినచో తక్కినవారు కొంతకాలము నెట్టుకొని వచ్చి, పిదప తామును కూలుదురు. ఈ ఐదుగురిని ఒక్కొక్కరిగా చూతము.

వేరు

వేరునకు ముఖ్యముగా నాలుగు పనులు. మొక్కను నేలలో నిలబెట్టుట, నీటిని పీల్చుట, నీటిలో కరిగిన లవణములను గ్రహించుట, అవసరమైనచోట ఆహారమును నిలువ చేయుట. ముల్లంగి, క్యారెట్టు దుంపలు ఇట్లు ఆహారమును దాచుకొన్న వేళ్ళే.

లావుపాటి వేరే ఎక్కువ నీరు త్రాగునని మనము తలంతుము. అది నిజము కాదు. లావు వేరు చెట్టును పట్టి నిలుపును, నీటిని మోయును. నీరు పీల్చునవి లేత వేళ్ళ కొనలకు కొంచెము వెనుకగా నూగువలె నుండు సన్నని వెంట్రుకలు. వీనిని మూలకేశములందురు. 1937లో అమెరికాలో డిట్మర్ అను శాస్త్రజ్ఞుడు రై అను ధాన్యపు మొక్క నొకదానిని నాలుగు నెలలు పెట్టెలో పెంచి, దాని వేళ్ళను లెక్కగట్టెను. వేళ్ళ మొత్తము పొడవు 620 కిలోమీటర్లు దాటినది. మూలకేశముల పొడవు 10,000 కిలోమీటర్లు దాటినది. ఒక్క గడ్డిజాతి మొక్క మట్టిలో ఇంత వెదకులాడుచున్నదన్నమాట.

దీనినిబట్టి మనకు తెలియవలసినదేమి? పొగాకు నారుగాని, మిరప నారుగాని పెరికి నాటినపుడు రెండు మూడు దినములు తల వాల్చుట మీరెరిగినదే. పెరికినపుడు మూలకేశములు తెగిపోవును. ఆకులు ఎప్పటివలె నీటిని ఆవిరి చేయుచుండును. రాబడి తగ్గి ఖర్చు తగ్గకుండుటచే మొక్క వాడును. క్రొత్త మూలకేశములు పుట్టిన పిదప తేరుకొనును. కావుననే నారును సాయంకాలము నాటవలెననియు, వేరు చుట్టు మట్టి రాలనీయరాదనియు పెద్దలు చెప్పుదురు.

నర్సరీనుండి తెచ్చిన మొక్క సంచిలో చాలకాల మున్నచో దాని వేళ్ళు దారిలేక సంచిలోనే గుండ్రముగా చుట్టుకొనును. సంచి తీయక నాటినను, తీసి చుట్టువేళ్ళను విడదీయక నాటినను, ఆ వేళ్ళు కొన్ని సంవత్సరములకు లావై ఒకదాని నొకటి బిగించును. పైకి పచ్చగా కనబడిన చెట్టు ఒక గాలివానకు పడిపోవును.

వేరునకు నీరే కాదు, గాలియు కావలెను. వేరును శ్వాసించును. కందిచేనిలో నీరు నిలిచినచో మొక్కలు పండుబారుటకు కారణము వేళ్ళకు గాలి చాలకుండుటయే. రచ్చబండ చుట్టు మొదలంట సిమెంటు పూసి బిగించినపుడును ఇదే సంగతి. తాతలనాటి వేపయు, రావియు క్రమముగా క్షీణించుటకు ఆ సిమెంటు ఒక కారణము కావచ్చును. వాననీరు లోనికి దిగదు, గాలి ఆడదు.

మన సీమ పంటయైన కందిని చూడుడు. దాని తల్లివేరు అనువైన నేలలో రెండు మీటర్ల లోతువరకు దిగగలదు. కావుననే వాన వెనుకబట్టినను కంది తట్టుకొని నిలుచును. ఆ వేళ్ళమీద బుడిపెలు గలవు. వానిలో కంటికి కనరాని సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చును. మొక్క వానికి చక్కెర పెట్టును. ఈ పొత్తును 1886లో జర్మనీలో హెల్రీగెల్ అను శాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. విత్తిన నలువది దినములకు ఒక కందిమొక్కను మెల్లగా త్రవ్వితీసి, ఒక బుడిపెను చీల్చి చూడుడు. లోపల ఎరుపుడాలు ఉన్నచో అది పని చేయుచున్నది. తెల్లగానో, బూడిదరంగుగానో ఉన్నచో పని చేయుట లేదు. అట్టి చేనికి మరుసటి యేడు రైజోబియం కల్చరు పట్టించి విత్తుట మేలు.

ఇంకొక విశేషము. 1990లో పటాన్‌చెరువు వద్దనున్న ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు, కందివేరు ఒక విధమైన ఆమ్లమును స్రవించి, నేలలో ఇనుముతో బిగిసియున్న భాస్వరమును విడిపించుకొనునని ప్రకటించిరి. అన్ని పంటలకు అందని భాస్వరము కందికి అందును. ఇక దాని ఆకు రాలి నేలను చేరినపుడు అందులో కొంత తరువాతి పంటకు దక్కును. కంది తరువాత వేసిన పైరు బాగుండునను పెద్దల మాటకు ఇదియు నొక ఆధారము.

కాండము

కాండము మొక్కకు నడుము, బాట కూడ. ఆ బాటలు రెండు. లోపలి చెక్కలోని సన్నని గొట్టములగుండ వేరునుండి ఆకునకు నీరు పైకి పోవును. చెక్కకు వెలుపల, బెరడుకు లోపలివైపున నున్న మెత్తని పొరగుండ ఆకు వండిన ఆహారము క్రిందికి దిగును. ఒకటి ఎక్కుబాట, మరియొకటి దిగుబాట.

తాటిచెట్టు కొనవరకు నీరెక్కుటకు మోటారు లేదు, కరెంటు లేదు. ఆకులనుండి నీరు ఆవిరియైపోవుచుండగా, గొట్టములలోని నీటిధార తెగక, తాడును చేదినట్లు క్రిందినుండి పైకి లాగబడును. ఈ వివరణను 1894లో డబ్లిన్ నగరమున డిక్సన్, జోలీ అనువారు ఇచ్చిరి. నేటికిని శాస్త్రజ్ఞులు దీనినే అంగీకరించుచున్నారు.

ఇపుడు ఒక చెట్టు బెరడును మొదట చుట్టును ఉంగరమువలె ఒలిచితిమనుకొనుడు. ఎక్కుబాట చెక్కలో భద్రముగానే ఉన్నది కావున ఆకులు పచ్చగానే యుండును. "చెట్టునకేమియు కాలేదు" అనుకొందుము. దిగుబాట తెగినది కావున వేరునకు కూడు అందదు. నిలువ ఉన్నది తిని, అది అయిపోగానే వేరు చచ్చును. వేరు చచ్చినపిదప ఆకు ఎండును. కొన్ని చెట్లకు ఇందుకు ఒక యేడో, అంతకు మించియో పట్టును. అప్పటికి బెరడు ఒలిచినవాని సంగతి ఎవ్వరికిని జ్ఞాపకముండదు. పదునేడవ శతాబ్దమున ఇటలీ దేశపు మాల్పీగీ ఇట్లే బెరడును ఉంగరముగా ఒలిచి, ఒలిచినచోటికి పైభాగము ఉబ్బుటను చూచి, ఆహారము పైనుండి దిగుచున్నదని గ్రహించెను.

మేకలు కొరికిన బెరడు, బోర్డు కట్టిన ఇనుపతీగ, మొక్క పెరిగినను విప్పని కంచె చుట్టు, ఇవన్నియు ఉంగరములే. తీగను నాటి బిగువుననే వదలివేసినచో చెట్టు లావెక్కినకొలది అది లోనికి కోసికొనిపోవును. తీగ ఖరీదు కొన్ని రూపాయలు, చెట్టు ఖరీదు ఒక తరము.

కాండము నడిమిభాగమును మనవారు చేవ అందురు. చేవ బ్రతికియున్న భాగము కాదు. నీటిని మోయుట మానివేసి, రంగును, గట్టితనమును పొందిన ముదురు చెక్క. నీటిని మోయునది దాని చుట్టునున్న లేత తెల్లచెక్క. మన వెలిగొండలలోను, నల్లమలలోను పెరుగు ఎర్రచందనమునకు విలువ తెచ్చినది ఈ చేవయే. లేత చెట్టునకు చేవ పట్టదు. దొంగచాటుగా లేత చెట్టును నరికినవాడు అడవిని చెరచును, తానును బాగుపడడు. తొఱ్ఱపోయిన చింత ఏండ్ల తరబడి కాయుటకును ఇదే కారణము. పోయినది లోపలి చేవ, మిగిలినది వెలుపలి బాట.

తాటిచెట్టు సంగతి వేరు. దానికి బెరడు పొర, చెక్క పొర అని విడివిడిగా ఉండవు. నీటి బాటలును, ఆహారపు బాటలును కలిసి పోగులు పోగులుగా లోపలనంతటను చెదరియుండును. మరియు వేపకు ప్రతి కొమ్మకును చిగురించు మొగ్గలు గలవు, తాటికి మొవ్వు ఒక్కటే. ఆ మొవ్వు పోయినచో తాడు పోయినట్లే.

ఆకు

మొక్క మన్ను తిని పెరుగునని వెనుకటివారు తలంచిరి. బెల్జియమునకు చెందిన వాన్ హెల్మాంట్ దీనిని పరీక్షింపదలచెను. 200 పౌనుల ఎండిన మట్టిని తొట్టిలో నింపి, 5 పౌనుల విల్లో మొక్కను నాటి, ఐదు సంవత్సరములు నీరు మాత్రమే పోసెను. చెట్టు 169 పౌనులు తూగినది. మట్టిని మరల ఎండబెట్టి తూచగా ఇంచుమించు 2 ఔన్సులు మాత్రమే తగ్గినది. ఆయన మరణించిన పిదప 1648లో ఈ సంగతి అచ్చయినది. చెట్టంతయు నీటినుండియే వచ్చినదని ఆయన నిశ్చయించెను. అది సగము నిజము. తక్కిన సగము గాలిలో నున్నది. 1779లో ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు, మొక్కలోని పచ్చని భాగములు వెలుతురు ఉన్నపుడు మాత్రమే గాలిని శుద్ధిచేయునని చూపెను.

ఇప్పుడు మనకు తెలిసినదిది. ఆకు అడుగున, కొన్ని మొక్కలకు పైనకూడ, కంటికానని రంధ్రములు గలవు. వానినుండి బొగ్గుపులుసు వాయువు లోనికి పోవును. వేరు పంపిన నీటిని, ఈ వాయువును కలిపి, ఆకులోని పచ్చదనము ఎండవేడిమితో గాక ఎండవెలుతురుతో చక్కెరను తయారుచేయును. ప్రాణవాయువు వెలుపలికి వచ్చును. కందిపప్పు, జొన్నగింజ, చింతపండు, వేపదూలము, గడ్డి తిన్న గేదె పాలు, అన్నియు మొదట ఆకులో తయారైన ఆ చక్కెరనుండి వచ్చినవే. ఊరి వంటలన్నిటికి ఆకే పొయ్యి.

అయితే వాయువు లోనికి రావలెనన్న తలుపు తెరువవలెను. తలుపు తెరచినంతసేపు నీరు ఆవిరియై పోవుచుండును. వేరు పీల్చిన నీటిలో నూటికి 97 పాళ్ళు, అంతకు పైగా కూడ, ఈ విధముగా పోవును. మొక్క తనలో నిలుపుకొనునది స్వల్పము. మెట్టసీమ మొక్క బ్రతుకంతయు ఈ బేరమే. తలుపు తెరచిన దాహము, మూసిన ఆకలి. మిట్టమధ్యాహ్నమున నేలలో తడి చాలనపుడు ఆకులు రంధ్రములను మూసికొనును. తుమ్మ తన ఆకును చిన్నచిన్న రేకులుగా చేసికొన్నది. నాగజెముడు ఆకులను విడిచి, కాండమునే పచ్చని అట్టగా మార్చుకొని, ఎండలో రంధ్రములను మూసి, రాత్రి చల్లదనమున తెరచి వాయువును దాచుకొనును. మనము దాని ఆకు అనుకొనునది నిజమునకు కాండము. ఆకులు లేకున్నను అది బ్రతుకుటకు రహస్యమిదియే.

ఎండకాలమున మేతలేక గొర్రెల కాపరులు వేపను, తుమ్మను కొట్టుట తప్పనిసరియగును. జీవములను బ్రతికించుకొనవలెను గదా. ఏటేట ఆకంతయు దిగగొట్టినచో చెట్టు తన నిలువ సొమ్ముతో చిగురించి, ఆ సొమ్ము తరిగి, క్రమముగా నీరసించును. ఒక యేడు కొట్టిన చెట్టును మరుయేడు వదలి, కొట్టినపుడును తల కొమ్మలను మిగిల్చినచో మేతయు దొరకును, చెట్టును మిగులును. ఈ వరుసను కాపరులతో కూర్చుండి కుదుర్చుకొనుట పంచాయతీకి తగిన పని.

పువ్వు

పువ్వు మొక్కకు అలంకారము కాదు, సంతానమునకు ఏర్పాటు. పువ్వులోని కేసరములు పుప్పొడి నిచ్చును. నడుమనున్న అండాశయములో గింజ కాదగిన అండములు ఉండును. పుప్పొడి కీలాగ్రమును చేరి, అండముతో కలిసినగాని కాయ పట్టదు.

కందిపువ్వులో రెండు భాగములును ఒకచోటనే ఉండును. గుమ్మడికి, సొరకు ఒకే తీగమీద మగపూవు, ఆడపూవు వేరువేరు. తాటికి చెట్లే వేరు. పోతుతాడు కాయదు, పెంటితాడు కాయును. పోతుతాడు పనికిరానిదని అన్నింటిని కొట్టివేసినచో పెంటితాడునకు పుప్పొడి ఎక్కడినుండి వచ్చును?

కంది విస్తారముగా పూయును. పూసినదానిలో ఎక్కువభాగము రాలిపోవును. అది దాని స్వభావము. పూతసమయమున తడి బొత్తిగా చాలకున్నను, నీరు నిలిచినను ఈ రాలుట ఇంకను ఎక్కువగును. ఆ సమయమున తేనెటీగలు కందిచేలకు వచ్చుట మీరు చూచియే యుందురు. పురుగుమందు చల్లవలసివచ్చినచో, ఈగలు తిరుగు వేళలు వదలి, సాయంకాలము చల్లుట మంచిది. ఒకరి చేనిలో చచ్చిన ఈగ పదిమంది చేలలో పని మానును.

పొగాకు రైతులకు పువ్వు పని ఇంకొక విధముగా తెలియును. మొగ్గ వేయగానే తల త్రుంచుదురు. పిలకలు తీయుదురు. ఎందుకనగా, పువ్వు వచ్చినచో మొక్క తన సొమ్మంతయు గింజలవైపు మళ్ళించును. తల త్రుంచినచో ఆ సొమ్ము ఆకులలో నిలిచి, ఆకు మందమగును. పొగాకులోని నికొటిన్ ఆకులో పుట్టునని తలంతుము. అది వేరులో పుట్టి, నీటి బాటవెంట ఆకునకు చేరును. టొమేటో వేరుపై పొగాకు కొమ్మను అంటుగట్టి చూడగా ఆ ఆకులో నికొటిన్ దాదాపు లేకపోయెను. ఒక పెద్ద చేసిన వస్తువు మరియొక పెద్ద యింట దాచబడుటకు ఇది మంచి నిదర్శనము.

కాయ, గింజ

వేరుసెనగ పువ్వు నేలపైన పూయును, కాయ నేలలో ఊరును. పూసిన పిదప అండాశయము క్రింద ఒక కాడ సాగి నేలలోనికి దిగును. దీనినే ఊడ దిగుట అందురు. మఱ్ఱికిని ఊడలు గలవు. కదిరి ప్రాంతపు తిమ్మమ్మ మఱ్ఱిమాను ఊడలతో సుమారు ఐదెకరములు వ్యాపించి, 1989లో గిన్నిస్ పుస్తకమున కెక్కినది. పేరు ఒకటియే గాని మఱ్ఱి ఊడ వేరు, వేరుసెనగ ఊడ పువ్వుయొక్క భాగము. వేరుసెనగ కాయ తనకు కావలసిన సున్నమును చాలవరకు తన తొక్కతోనే నేలనుండి పీల్చుకొనును. కావుననే తొలిపూత సమయమున ఎకరమునకు 200 కిలోల జిప్సము మొక్కల మొదళ్ళవద్ద, ఊడలు దిగుచోట, వేయుమని వ్యవసాయశాఖవారు చెప్పుదురు. ఊడలు దిగినపిదప మట్టిని కదలింపరాదనుటయు ఇందుకే.

గింజ అనగా పసిమొక్కయు, దాని దారిబత్తెమును. కందిగింజను విసిరినపుడు రెండుగా విడిపోవు బద్దలే ఆ బత్తెము. మనము వండుకొను కందిపప్పు అదియే. ఆకు విచ్చి తన కూడు తాను వండుకొనువరకు మొలక ఈ బత్తెముమీదనే బ్రతుకును. పుచ్చిన గింజ మొలచినను బలముగా పెరుగకుండుటకు కారణము బత్తెము తరిగిపోవుటయే.

విత్తుటకు ముందు నూరు గింజలను లెక్కించి తడిగోనెలో చుట్టియుంచి, మొలకలను లెక్కించుట పైసా ఖర్చులేని పరీక్ష. ధ్రువీకరించిన కంది విత్తనమున నూటికి 75 అయినను మొలవవలెనని నియమము గలదు. ఒక్క వానమీద విత్తు సీమకు ఈ పరీక్ష మరింత అవసరము. వాన రెండవసారి వచ్చునో రాదో, చెడ్డ విత్తనము వేసినవానికి ఆ యేడు మరల రాదు.

వేపగింజలో నూనె మెండు. అది కొద్ది వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. అయినను పండు పండుట, తొలకరి వచ్చుట ఒక్క కాలముననే జరుగును. పండు రాలినవెంటనే గుజ్జు కడిగి, వానతడిలో గట్లవెంట విత్తినచో, తలకంటె ముందు వేరు లోతునకు దిగును. సంచిమొక్కకంటె ఇది అగ్గువ, అనువైనచోట గట్టిది కూడ.

ఐదుగురి పొత్తు

2021లో తెలంగాణమునందు వేపచెట్లు కొమ్మల కొనలనుండి ఎండి, కాలినట్లు కనబడి, ప్రజలకు ఎంతయో భీతి కలిగించినవి. తరువాత మన రాష్ట్రమునను అట్టి చెట్లు కనబడినవి. ఫోమాప్సిస్ అను శిలీంధ్రమును, లేతకొమ్మల రసము పీల్చు తేయాకుదోమయు దీనికి కారణములని శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఊళ్ళలో కొందరు, చెట్టు చచ్చినది కదాయని గొడ్డలి పట్టిరి. ఓపిక పట్టినవారి చెట్లలో పెక్కు మరల చిగిరించినవి. ఎట్లు? ఎండినవి ఆకు, లేతకొమ్మ. వేరు బ్రతికియున్నది, కాండములోని బాటలు తెరచియున్నవి, బెరడు క్రింద నిదురించు మొగ్గలున్నవి, మునుపటి ఆకులు వండి పంపిన నిలువ ఉన్నది. ఒక పెద్ద పడిపోగా నలుగురు పెద్దలు ఇల్లు నిలిపిరి. మొక్క భాగములను గూర్చిన ఈ కొద్దిపాటి తెలివి ఉన్నచో, బ్రతికియున్న చెట్టును చచ్చినదని నరికివేయు పొరపాటు జరుగదు. సందేహమున్నపుడు కొమ్మ బెరడును గోటితో గీచి చూడుడు. లోపల పచ్చగా తడిగా ఉన్నచో అది బ్రతికియున్నది.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది. మొక్కలు కొనునపుడు పొడవు చూచి మోసపోవలదు. సంచిని తిప్పి వేరును చూడుడు. చుట్టువేళ్ళు పట్టినవానిని తీసికొనరాదు. నాటునపుడు సంచిని పూర్తిగా తీసివేయించవలెను.

రెండవది. మొక్క పాదునందు ఎండుటాకులుగాని, చెత్తగాని మందముగా పరపించుడు. ఎండుటాకులను కుప్పవేసి తగులబెట్టుట మానవలెను. ఆ కప్పు క్రింద తడి నిలుచును. ఒక బిందె నీరు రెండు బిందెల పని చేయును. అయితే ఆ చెత్త కాండమును తాకకుండ జానెడు ఎడముంచవలెను.

మూడవది. పెరిగిన చెట్టునకు నీరు మొదట పోయుటకంటె, కొమ్మల నీడ అంచు వెంట పోయుట మేలు. నీరు త్రాగు వేళ్ళు అచ్చటికిని, ఇంకను ఆవలికిని వ్యాపించియుండును.

నాలుగవది. ప్రతి వేసవిలో ఒక దినము ఏర్పరచుకొని, ఊరి చెట్లకు బిగిసిన తీగలను, మేకులను, చాలని కంచెలను తీయించుడు. రచ్చబండకు సిమెంటు వేయించునపుడు మొదలు చుట్టు విశాలముగా మట్టిని వదలించుడు.

ఐదవది. చెట్టు కొట్టవలసివచ్చినపుడు 2002 నాటి వాల్టా చట్టమున్నదని మరువవలదు. అనుమతి లేక చెట్టు కొట్టరాదు. అదే సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ఊరి మొక్కలను, చెట్లను, వాని ఉపయోగములను వ్రాసియుంచు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఒకటి గలదు. ఆ రిజిస్టరు వ్రాయునపుడు ఊరి వృద్ధులను, పసరు వైద్యమెరిగిన స్త్రీలను, గొర్రెల కాపరులను పిలిపించుడు. వారికి తెలిసిన మొక్కలు వారితోనే పోరాదు.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది. నాటిన మొక్కల లెక్కతోపాటు బ్రతికిన మొక్కల లెక్కను కూడ పంచాయతీ పుస్తకమున వ్రాయించుడు. ప్రతి రోహిణికార్తెలో ఒకసారి లెక్కించి, చచ్చిన మొక్కను త్రవ్వి, వేరు చుట్టుకొన్నదా, బెరడు తెగినదా, తడి చాలలేదా, మేక తిన్నదా అని చూచి, కారణము వ్రాయించుడు. రెండు మూడు యేండ్లు అట్లు వ్రాసినచో మీ ఊరి నేలకు ఏ మొక్క తగునో, ఏ తప్పు మాన్పవలెనో ఆ పుస్తకమే మీకు చెప్పును. వెలుపలినుండి వచ్చి ఉపన్యసించు మావంటివారితో అప్పుడు పనియే ఉండదు.

పెద్దలారా, మొక్కకు నోరు లేదు. వేరునకు గాలి ఆడుట లేదనిగాని, బాట తెగినదనిగాని అర్జీ వ్రాసికొని మీ కార్యాలయమునకు రాలేదు. దానికి తెలిసిన అర్జీ ఒక్కటే, ఆకు వాడుట. ఆ అర్జీని చదువ నేర్చినవారు ఊరికి ఐదుగురున్నను చాలును. వచ్చు వానకాలమునకు మీరు నాటించు మొక్కలలో ఒక్కటియు నీరు మోసినవారి శ్రమను వమ్ముచేయక నిలుచునుగాక యని కోరుచున్నాము.